పళ్ళత్త లోలాకుల దుకాణం

మీరు మా పళ్ళత్తని కలిసి తీరాలి. ఈ మాట నేను బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి కూడా చెప్తున్నాను కాబట్టి మీకు చెప్పడం పెద్ద విశేషమేమీ కాదు. కాకపోతే కలిసినప్పుడు కాస్త జాగ్రత్త. ఆవిడ అందరిలా ముందు మొహం చూడదు, పళ్ళు చూస్తుంది. చూసి ఊరుకోదు. "పై వరసలో ఎడమవైపు క్యాప్ ఎవరు వేశారండీ, భలే కుదిరింది!" అంటుంది. ఆ క్యాప్ సంగతి మీరు ఇంట్లో కూడా చెప్పి ఉండరు!

ఆవిడ మా నాన్న చెల్లెలు, నాకు మేనత్త. ఇరవై ఆరేళ్ళుగా ఒక పళ్ళ లాబ్‌లో పని. మన నోట్లో పన్ను పోతే డాక్టరుగారు అచ్చు తీసి పంపిస్తారు కదా, ఆ అచ్చు చూసి పన్ను తయారుచేసేది డాక్టరు కాదు, మా అత్తలాంటి ఒక మనిషి. సైకిళ్ళ షాపు పైన రెండో అంతస్తులో ఆ లాబ్. గోడ పొడుగునా అరల్లో ప్లాస్టర్ దవడలు వరసగా ఉంటాయి, ఒక్కోదానికీ ఒక చీటీ. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ దవడలన్నీ కలిసి నన్ను చూసి నవ్వుతున్నట్టనిపించి గుమ్మంలోనే ఆగిపోయాను. "రావే, అవి కరవవు" అంది అత్త.

ఆ పని ఆవిడకి నేర్పినాయన్ని లాబ్‌లో అందరూ పెద్దాయన అనేవారట. ఇప్పుడు లేరు. ఆయన మొదటి రోజే చెప్పిన మాట ఒకటుంది: ముందు పళ్ళు రెండూ ఒక్కలాగే చెక్కితే కట్టుడు పళ్ళని వీధి చివర నుంచే తెలిసిపోతుంది. దేవుడు ఎవరికీ రెండు వైపులా ఒకేలా ఇవ్వలేదు, కాబట్టి ఒకటి ఒక వెంట్రుకవాసి పొట్టిగా, ఒకటి కాస్త పక్కకి తిరిగినట్టు చెక్కాలి. అత్త ఇరవై ఆరేళ్ళూ అలాగే చెక్కింది. ఆవిడ చేసిన పళ్ళతో ఎంతమంది నవ్వుతున్నారో లెక్కలేదు, ఒక్కరివీ కట్టుడు పళ్ళని ఎవరూ పట్టుకోలేదు. ఈ అలవాటు గుర్తుంచుకోండి, కొంప ముంచింది ఇదే.

రెండేళ్ళ కిందట లాబ్‌కి ఒక మెషిన్ వచ్చింది. వాషింగ్ మెషిన్ అంత ఉంటుంది, కంప్యూటర్‌లో బొమ్మ పెడితే పన్ను అదే చెక్కేస్తుంది. యజమాని మంచివాడే, ఎవరినీ తీసేయలేదు. కానీ పన్ను రూపాన్ని ముందు మైనంలో చెక్కే అత్త కత్తికి పని లేకుండా పోయింది.

"ఏం చేస్తున్నావత్తా ఇప్పుడు?" అని అడిగాను ఒకసారి.

"ఏముందే, అది కంటోంది, నేను స్నానం చేయించి బట్టలేసి పంపిస్తున్నాను" అంది.

మెషిన్ చెక్కిన పళ్ళకి మెరుగు పెట్టి రంగు వేయడమన్నమాట. నవ్వుతూనే అంది. కానీ అలా అంటూ బొటనవేలితో చూపుడువేలు రుద్దుకుంటోంది, మైనం ముద్ద ఉన్నట్టే.

ఒకరోజు మధ్యాహ్నం మెషిన్ తిరుగుతున్నంతసేపూ ఊరికే కూర్చోలేక, అరలో మిగిలిపోయిన మైనంతో రెండు చిన్న ఆకులు చెక్కింది. ఈనెలు, అంచులు, ఒక చోట పురుగు కొరికినట్టు చిన్న గంటు, అన్నీ ఉన్నాయి. వెండి పోత పోసే ఒకాయన తెలుసు, ఆయన దగ్గర పోత పోయించి, ఇంట్లో సానపట్టి, పైన సన్నటి కాడ, కొక్కెం పెట్టి మా వదినకి ఇచ్చింది. మా వదిన అంటే అత్త కూతురు, కొరియర్ ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. ఆ లోలాకులు పెట్టుకుని వెళ్ళిన రోజు పార్సిళ్ళు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు పార్సిల్ వదిలేసి చెవులు చూశారట. సాయంత్రం ఇంటికి వస్తూనే చెప్పులైనా విప్పకుండా అంది:

"అమ్మా, మనం ఆన్‌లైన్‌లో దుకాణం పెడుతున్నాం."

"ఎవరు మనం?"

"చెక్కేది నువ్వు, మిగతాదంతా నేను."

"మరి నేను?" అన్నాడు మామయ్య, పేపర్ లోంచి తల ఎత్తకుండా.

"నువ్వు అడ్డం రాకుండా ఉండు నాన్నా, అదే పెద్ద సాయం."

మామయ్య గురించి ఇక్కడ చెప్పకపోతే లాభం లేదు. ఆయన టైల్స్ వేసే మేస్త్రీ. చొక్కా జేబులో పెన్ను ఉండదు, చిన్న రసమట్టం ఉంటుంది, అదే, లోపల నీళ్ళలో బుడగ తేలే కర్ర. ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు నేల వంక చూస్తాడు. హోటల్లో టేబుల్ వాలుగా ఉంటే టీ తాగడు. మా ఇంట్లో గోడగడియారం ఆయన వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఒక పిసరు కదిలి ఉంటుంది. అలాంటి మనిషికి ఇలాంటి భార్య, ఇద్దరూ ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఎలా ఉన్నారో నాకైతే అర్థం కాదు.

దుకాణానికి 'జత' అని పేరు పెట్టారు. బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన ఒక బల్ల, దాని మీద మైనం కత్తులు, ఒక దీపం, అరచేతిలో పట్టేంత సాన మోటారు. ఫోటోలు వదిన తీసింది, తెల్ల పింగాణీ పళ్ళెం బోర్లించి దాని మీద లోలాకులు పెట్టి. మెరుపు భలే వచ్చింది. మొదటి ఆర్డర్ వచ్చిన రోజు అత్త లాబ్‌లో అందరికీ బిస్కెట్లు పంచింది. ఆ ఆర్డర్ ఇచ్చింది వదిన స్నేహితురాలేనని మేమెవరం చెప్పలేదు.

తర్వాత నిజం ఆర్డర్లు రావడం మొదలైంది. వాటితోపాటు ఒక విచిత్రం. కొన్నవాళ్ళు కొందరు మెసేజ్ పెడుతున్నారు: 'ఫోటో ఎందుకండీ?' వదినకి అర్థం కాలేదు. పేజీ తెరిచి చూస్తే, ఆర్డర్ చేసే చోట కింద ఒక వాక్యం ఉంది. ఎదురుగా నిలబడి, పళ్ళు కనిపించేలా నవ్విన ఫోటో ఒకటి పంపండి!

"అమ్మా! ఇది నువ్వు రాశావా?"

"మరి మొహం చూడకుండా ఎలా చేస్తానే? డాక్టర్లందరూ పంపిస్తారు."

"కమ్మలకి పళ్ళెందుకమ్మా?"

"నవ్వితే చెంపలు పైకి వెళ్తాయి, చెవి పక్కన చోటు మారుతుంది. ఆ మాత్రం తెలీదూ?"

వదిన తల పట్టుకుంది. కానీ ఆ వాక్యం తీసేయలేదు, ఎందుకంటే ఫోటోలు వస్తున్నాయి! జనం భలేవాళ్ళండీ, అడిగితే నవ్వుతారు.

అసలు గొడవ ఫోటోలతో కాదు. ఒకటో రిటర్న్ వచ్చింది. 'ఒక ఆకు బొద్దుగా ఉంది, ఒకటి సన్నగా ఉంది. రెండు వేర్వేరు జతల్లోవి కలిపి పంపారు.' రెండోది వచ్చింది: 'ఒకటి ఎడమకి వంగి ఉంది.' మూడో ఆవిడ మరీ కోపంగా రాసింది: 'పేరు జత, పంపింది ఒంటరి కమ్మలు రెండు.' అత్త ప్రతి ఆకునీ విడివిడిగా చెక్కుతోంది, పళ్ళు చెక్కినట్టే, కావాలనే రెండింటికీ తేడా పెట్టి. ఆవిడ దృష్టిలో అది తప్పు కాదు, పనితనం!

మామయ్య ఒక జత అరచేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత, నేను కళ్ళారా చూశాను, రసమట్టం తీసి రెండు ఆకుల చివర్ల మీదా పెట్టాడు. బుడగ ఒక మూలకి పోయింది.

"చూడవోయ్, ఒకటి పైన, ఒకటి కింద. ఇలా టైల్స్ వేస్తే ఇంటావిడ నా మీద చీపురు తిరగేస్తుంది."

"మీకు బుడగ తప్ప ఏం కనపడదు. పెట్టుకుంటే తెలియదండీ అసలు, అందంగా ఉంటుంది."

"పెట్టుకునే దాకా వస్తే కదా! పెట్టెలో చూసే వెనక్కి పంపుతున్నారు."

అత్త ఆ జతని తీసుకుని పెట్టెలో పెట్టి చూసింది. పళ్ళని పెట్టెలో పెట్టి ఎవరూ చూడరు కదా, నోట్లోనే చూస్తారు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడకి ఈ ఇబ్బంది రాలేదు.

అదే వారం అమ్మకాల సైట్ వాళ్ళ దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. మూడు రిటర్న్‌లు అయ్యాయి, ఈ నెలలో ఇంకొక్కటి వస్తే మీ పేజీ మూసేస్తాం, ఏడాది దాకా మళ్ళీ తెరవనివ్వం. వదిన గట్టిగా చదివింది. అత్త బాల్కనీలోకి వెళ్ళి కత్తులన్నీ ఒక్కోటీ తుడిచి వరసగా పెట్టింది. ఆ దుకాణం పోతే ఆవిడకి చెక్కడానికి ప్రపంచంలో ఇంకో చోటు లేదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

కాసేపటికి తనే లోపలికి వచ్చి అంది, "సరే. ఒక ఆకు చెక్కి రబ్బరు అచ్చు తీస్తాను. అందులోంచి ఎన్ని కావాలంటే అన్ని, అన్నీ ఒక్కలాగే. సరేనా?"

"అబ్బ! మా అమ్మ బంగారం!" అంది వదిన.

"వెండే" అంది అత్త.

రెండు రోజులకి పెద్ద ఆర్డర్ వచ్చింది. ఒక స్కూల్ హెడ్‌మిస్ట్రెస్‌గారు. స్కూల్లో ఆరుగురు టీచర్లు, హెడ్‌మిస్ట్రెస్‌గారితో కలిపే, నెలాఖరుకి గ్రూప్ ఫోటో దిగుతున్నారట, ఆరుగురికీ ఒకేలాంటి లోలాకులు కావాలి. మెసేజ్ చివర ఆవిడ ఇలా రాసింది: 'అన్నీ అచ్చు ఒకేలా ఉండాలి. ఒక్కదాంట్లో తేడా కనిపించినా ఆరు జతలూ వెనక్కి పంపిస్తాను.' ఆ వాక్యం చదివి నేను కూడా నిటారుగా కూర్చున్నాను. కింద ఫోటో ఉంది. స్కూల్ వరండాలో ఆరుగురు, పళ్ళు కనిపించేలా నవ్వుతూ.

పన్నెండు ఆకులు అచ్చులోంచి వచ్చాయి. మామయ్య రసమట్టంతో పరీక్ష చేసి, "ఇదీ పనంటే" అని మెచ్చుకున్నాడు. పెళ్ళయ్యాక ఇదే మొదటి మెప్పు అంది అత్త. ఇక కాడలు తగిలించి పెట్టెల్లో పెట్టడమే.

అత్త ఊరుకుంటుందా? ఫోటో ఉండగా చూడకుండా ఉండలేదు. ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి, ప్లాస్టిక్ స్కేలు ఫోన్ అద్దం మీద పెట్టింది. లాబ్‌లో ఒక పద్ధతి ఉంది. రెండు కంటిపాపల్నీ కలుపుతూ ఒక గీత అనుకోవాలి, ఆ గీతకి సమంగా పళ్ళ వరస ఉండాలి. పాపల మధ్య దూరం అందరికీ ఇంచుమించు ఒకటే కాబట్టి ఎంత తేడానో లెక్కకట్టొచ్చట. ఆ గీతతోనే చెవులు చూసింది. ఒకరి తర్వాత ఒకరు. ఐదుగురికీ ఏదో కాస్త, పట్టించుకోనక్కర్లేనంత. ఆరో ఆవిడ దగ్గర స్కేలు ఆగిపోయింది.

"అయ్యయ్యో" అంది.

"ఏమైందమ్మా?" అంటూ వదిన పరుగెత్తుకొచ్చింది.

"ఈవిడ ఎడమ చెవి కిందికుందే. తక్కువలో తక్కువ నాలుగు మిల్లీమీటర్లు. చూడు, తల ఎలా వంచిందో! రెండు కమ్మలూ సమంగా కనపడాలని కుడివైపు వంచుతోంది పాపం, అలవాటైపోయి ఉంటుంది. సమానమైన కమ్మలు ఇస్తే జన్మంతా ఇలాగే వంచుతుంది. ఎడమ కాడ నాలుగు మిల్లీమీటర్లు తగ్గిస్తే చాలు, తల నిటారుగా నిలబడుతుంది."

"అమ్మా, వద్దు."

"ఆకులు ఒకేలా ఉంటాయే, కాడ ఒక్కటే."

"అమ్మా, దండం పెడతాను. ఒక్క తేడా కనిపిస్తే ఆరూ వెనక్కి. ఆరూ వెనక్కొస్తే దుకాణం మూత. అడిగింది ఇచ్చేసి గమ్మునుందాం. ఇన్నేళ్ళూ వంచింది, ఇంకో ఫోటోకి వంచితే ఏం పోయింది?"

"తెలిసి ఎలా ఇస్తానే?"

"ఇంతకీ ఎవరావిడ?"

అత్త స్కేలు తీసింది. మధ్యలో నిలబడి, చేతిలో ఫైలు, మెసేజ్ పక్కన చిన్న ఫోటోలో ఉన్న మొహమే. హెడ్‌మిస్ట్రెస్‌గారు.

వదిన కుర్చీలో కూలబడింది. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

ఇక్కడ మామయ్య సాయం వస్తాడని ఎవరం అనుకోలేదు. ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టి, గడ్డం గోక్కుంటూ అన్నాడు:

"గోడ వంకరగా ఉంటే మేమూ టైల్ కోస్తాం. అంచు దగ్గర కాస్త సన్నగా కోస్తే గది సమంగా కనిపిస్తుంది. అది మోసమేం కాదు."

"విన్నావా!" అంది అత్త.

"ఆగు, అయిపోలేదు. కానీ ఇంటావిడకి ముందే చెప్తాం. అమ్మా, మీ గోడ వంకర, ఇలా కోస్తున్నాం, సరేనా అని. చెప్పకుండా కోసినవాడికి చీవాట్లు, చెప్పి కోసినవాడికి టీ."

"గోడకి చెప్పడం వేరు నాన్నా! హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసి మీ చెవి వంకరని ఎలా చెప్తాం?"

"వంకర అనకూడదు. కిందికుంది అనాలి" అంది అత్త, అప్పటికే నంబరు నొక్కుతూ.

స్పీకర్ పెట్టించాం. అవతల బెల్లు మోగుతున్న చప్పుడు, పిల్లల అరుపులు, ఆ అరుపుల్ని కోసేస్తూ ఒక గొంతు, "చెప్పండి!"

"నమస్కారమండీ, లోలాకులు చేసేదాన్ని. మీవి తయారవుతున్నాయి. ఒక చిన్న సంగతి... మీ ఎడమ చెవి కుడి చెవి కన్నా ఒక నాలుగు మిల్లీమీటర్లు కిందికుందండీ."

అవతల పిల్లలు కూడా అరవడం మానేసినట్టనిపించింది నాకు.

"ఏమన్నారు?"

"తప్పేం కాదండీ, అందరికీ ఉంటుంది. మీకు కొంచెం ఎక్కువ." వదిన చేతులతో ఆపు ఆపు అని సైగలు చేస్తోంది. అత్త ఆగితేగా! "పళ్ళు మాత్రం చాలా బాగున్నాయి, ఆ కింది వరస చూస్తే ముచ్చటేసింది..."

ఫోన్ పెట్టేసిన చప్పుడు.

"అయిపోయింది" అంది వదిన. "చక్కగా అయిపోయింది. పేజీ వాళ్ళు మూయడం ఎందుకు, నేనే మూసేస్తాను, పరువైనా దక్కుతుంది."

"పళ్ళు బాగున్నాయన్నాను కదా" అంది అత్త చిన్నబోయి.

ఆ రోజూ మర్నాడూ ఏ కబురూ లేదు. అత్త ఐదు జతలకి కాడలు తగిలించి, ఆరో జత ఆకులు రెండూ బల్ల మీద అలాగే ఉంచేసింది. ఎలా చేయమంటారో తెలియకుండా ముట్టుకోనంది. ఫోన్ మోగినప్పుడల్లా ఇంట్లో అందరూ ఒకేసారి లేచేవారు. ఒకసారి ఫోన్ చేసింది టైల్స్ కొట్టువాడు. వాణ్ణి మామయ్య ఏ తప్పూ లేకుండా తిట్టాడు.

మూడో రోజు మెసేజ్. 'రేపు నాలుగు గంటలకి స్టాఫ్ రూమ్‌కి రండి. స్కేలు తెచ్చుకోండి.'

వదిన సెలవు పెట్టింది. అత్త లాబ్‌కి వెళ్ళేటప్పుడు వేసుకునే నీలం కోటు వేసుకుంది, అది వేసుకుంటే ధైర్యమట. నేనూ వెంటపడ్డాను, ఇలాంటిది వదులుకుంటానా!

స్టాఫ్ రూమ్‌లో పొడుగాటి బల్ల, దాని మీద దిద్దని పేపర్ల కట్టలు, గోడకి టైమ్‌టేబుల్. ఆరుగురూ ఉన్నారు. హెడ్‌మిస్ట్రెస్‌గారు నిలబడే ఉన్నారు, తల కుడివైపు ఒక పిసరు వంచి. కూర్చోమనలేదు.

"ముప్పై ఏళ్ళుగా," అన్నారావిడ, "ప్రతి ఫోటోగ్రాఫరూ నాకు చెప్పేది ఒకటే. మేడమ్, తల నిటారుగా పెట్టండి. వాళ్ళకి పని రాదనుకున్నాను. మొన్న మీరు ఫోన్ చేశాక ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడ్డాను. మా ఆయన్ని పిలిచి కొలవమన్నాను."

"ఎంత వచ్చిందండీ?" అంది అత్త, ఆత్రం ఆపుకోలేక.

"మూడున్నర."

"ఆయన పాపలకి సమంగా స్కేలు పెట్టి ఉండరండీ. ఒక్కసారి కూర్చుంటారా?"

హెడ్‌మిస్ట్రెస్‌గారు కూర్చున్నారు! అత్త స్కేలు పెట్టింది, ఒక కన్ను మూసింది. "నాలుగు" అంది. అంతే, ఆ గదిలో ఎక్కడో కిసుక్కున నవ్వు వినిపించింది. లెక్కల టీచరు కుర్చీ లాక్కుని "నాకూ చూడండి" అని వచ్చేసింది. ఆవిడ వెనక సైన్స్ టీచరు. వరస కట్టేశారండీ, పిల్లలు మంచినీళ్ళ కుళాయి దగ్గర కట్టినట్టు! "నీకెంత?" "ఒకటి." "నాకు ఒకటిన్నర, కుడివైపు." "గొప్పలు చెప్పకు!" ఒక్క డ్రిల్ టీచరు మాత్రం రానంది. "నా చెవులు నా ఇష్టం. నాకు రెండూ సమానంగా ఉన్నవే ఇవ్వండి" అంది. అత్త "అలాగేనమ్మా" అంది, కానీ దూరం నుంచే ఒక కన్ను మూసి కొలిచేయడం నేను చూశాను.

వెళ్ళేటప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌గారు వదిన వైపు తిరిగి, "రిటర్న్ గురించి నేను రాసింది..." అన్నారు.

"అయ్యో, పర్లేదండీ..."

"అది అలాగే ఉంటుంది. బాగా లేకపోతే పంపిస్తాను."

అలా అన్నారు! ఆ వారమంతా వదినకి అన్నం సయించలేదు. బిగించేసిన ఐదు జతల్లో నాలుగింటి కాడలు ఊడదీసి, ఒక్కో చెవికీ ఒక్కో కొలతతో మళ్ళీ తగిలించింది అత్త, ఆరో జతకి ఎడమ కాడ నాలుగు మిల్లీమీటర్లు తగ్గించి బిగించింది. పెట్టెల మీద ఎవరివి ఏవో పేర్లు రాసింది, ఆకుల వెనక ఎల్, ఆర్ అని సూదిమొనంత అక్షరాలు చెక్కింది. ఒక చెవివి ఇంకో చెవికి పెట్టుకుంటే ఎనిమిది మిల్లీమీటర్లయి కూర్చుంటుందని భయం. వదినే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది.

నెల చివరి రోజు దాటింది. రిటర్న్ రాలేదు. మర్నాడు పొద్దున గ్రూప్ ఫోటో వచ్చింది. అందరి లోలాకులూ ఒకే మట్టంలో ఉన్నాయి, హెడ్‌మిస్ట్రెస్‌గారి తల కొలబద్దలా నిటారుగా ఉంది. డ్రిల్ టీచరువి మాత్రం కాస్త వాలుగా ఉన్నాయి, ఆవిడ ఇష్టం! దుకాణం ఉంది. ఆర్డర్లు ఒకేసారి వరదలా ఏమీ రాలేదు, వారానికి రెండో మూడో. అత్తకి అంతే కావాలి. ఇప్పుడు ఒక గింజ చెక్కుతోంది, దేనిదో నాకు చెప్పలేదు.

కానీ ఆ ఫోన్ గురించి ఇంట్లో గొడవ ఇంకా తెగలేదు. వదిన ఇప్పటికీ అంటుంది: "ఆవిడ అలాంటి మనిషి కాబట్టి బతికిపోయాం. అడిగింది అడిగినట్టు ఇచ్చేస్తే ఎవరికీ ఏ నష్టం లేదు, ఆవిడ కోరిందే అది." మామయ్య చెప్పి కోయాల్సిందే అంటాడు. అత్త చెక్కుకుంటూ ఉంటుంది. నేను రెండు వైపులా తలూపుతున్నాను, అది ఎంతకాలం సాగుతుందో తెలియదు. మీరు చెప్పండి. ఇంకొక్క తప్పుతో మీకు ఇష్టమైన పని చేతిలోంచి పోయేలా ఉంది, ఎదుటి మనిషి అడిగిందేమో సమానమైన జత, మీ కంటికి మాత్రమే ఆ నాలుగు మిల్లీమీటర్లు కనిపించాయి. మీరైతే ఏం చేసేవారు?